దొరసాని ప్రశ్నకు నా జవాబు

ఆ రోజు నేను అబద్ధం ఆడాను. పిల్లల ముందు ఆడాను, గోడ దగ్గర మూగిన వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఆడాను. పైగా, నా మాట నమ్మి బడి గేటు దాకా వచ్చి నిలబడిన మనిషి చెవిన పడేట్టు ఆడాను.

నేను ఉద్యోగమంతా శిశుతరగతిలోనే చేసి రిటైరైన వాణ్ణి. ఇప్పుడు బాలవాడీల్లోనూ ఎలిమెంటరీ బళ్ళలోనూ కొత్తగా చేరుతున్నవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు, ఎప్పుడన్నా ఒక మగపిల్లవాడు. “మీ రోజుల్లో ఎట్లా ఉండేది మాస్టారూ?” అని అడుగుతారు. నాకు గ్రేడు ఎప్పుడు పెరిగింది, ఏ ఆఫీసరు నా గురించి ఏం రాశాడు అన్నవి మీకెందుకూ పనికిరావు. ఆ అబద్ధం పనికొస్తుంది. అందుకని దానితోనే మొదలుపెడుతున్నాను.

వరండా

రెండో ప్రపంచయుద్ధం రోజులు. నడికుడి స్టేషనుకు కాస్త దూరంలో రెండు గదులు, ఒక వరండా ఉన్న జిల్లాబోర్డు బడి. గదుల్లో పెద్ద తరగతులు నడిచేవి. వరండా శిశుతరగతిది. కింద నాపరాళ్ళు పరిచి ఉండేవి. మా పల్నాట్లో రాతికి కొదవ లేదు గనక, పలక కొనలేని పిల్లలకు ఆ నేలే పలక. పిల్లకొక రాయి. సుద్దముక్కతో రాసి తడిగుడ్డతో తుడిచేవాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నానికి ఆ రాళ్ళ మీద కూర్చోలేక పిల్లలు ఒక కాలి మీద నిలబడి అక్షరాలు చెప్పేవాళ్ళు.

మా బళ్ళో శిశుతరగతి అంటే శిక్ష. హెడ్మాస్టరు రామకోటయ్యగారికి ఎవరి మీద కోపం వస్తే వాళ్ళు వరండాలోకి పోవలసిందే. ఆదివారం తన మిరపతోటలో కూలీల మీద అజమాయిషీకి రమ్మంటే నేను రానన్నాను. సోమవారం నుంచి నాకు వరండా. ఆయన్ను చెడ్డవాడని రాయలేను. వానలు లేని ఏడాది బడిపిల్లలకు తన ఇంటినుంచి జొన్నన్నం కుండలతో తెప్పించి పెట్టిన మనిషి. కానీ చిన్నపిల్లలకు చదువు చెప్పడం ఒక పని అని ఆయన ఏనాడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ అనుకోలేదు.

ఐదో తరగతి పంతులు బజారులో నడుస్తుంటే అరుగుల మీద వాళ్ళు లేచేవాళ్ళు. నన్ను చూస్తే, “ఏంది పంతులూ, ఇయ్యాల ఎన్ని ముక్కులు తుడిచావు?” అనేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. మర్నాడు ఆ కసి పిల్లల మీద తీర్చుకునేవాణ్ణి. చేతులు కట్టుకోండి, కదలొద్దు, నోరెత్తొద్దు. వరండా చప్పుడు లేకుండా ఉంటే చదువు సాగుతున్నట్టే అనుకున్నాను. బెత్తం ఎప్పుడూ ఒళ్ళోనే ఉండేది.

అంకమ్మ

నాపరాళ్ళ గనిలో పనిచేసే లచ్చమ్మ కూతురు అంకమ్మ. సన్నగా, పెద్ద కళ్ళతో, ముందు వరసలో కూర్చునేది. ఒకరోజు కూర్చున్న రాయి తడిపింది. నేను “ఛీ” అన్నాను. పిల్లలంతా నవ్వారు. ఆ మర్నాటి నుంచి రావడం మానేసింది. ఆడపిల్లలు అట్లా ఒక్కొక్కరే మానేస్తుండేవాళ్ళు. వాళ్ళకు చదువు మీద ధ్యాస ఉండదులే అని సరిపెట్టుకునేవాణ్ణి.

కొన్నాళ్ళకు లచ్చమ్మ బావి దగ్గర కనబడితే, పిల్లను ఎందుకు పంపడంలేదని దబాయించాను. ఆమె బిందె కిందపెట్టి నావైపు తిరిగింది.

“పొద్దున్నుంచి బిగబట్టుకుని కూసుందంట పంతులూ. మగాయన్ని ఏమని అడగాలమ్మా అని ఇంటికొచ్చి ఒకటే ఏడుపు.”

“అడిగితే నేను పంపనా?”

“నువ్వు అడగనిస్తావా? నోట్లో మాట రాకముందే బెత్తం సూపిస్తావంట. పోనీ పంపించావే అనుకో, యాడికి పోద్ది? మీ బడెనక ముళ్ళకంప తప్ప చాటేముంది? మగపిల్లలంటే యాడన్నా నిలబడతారు.”

 అంతా విని ఇంటికి వెళ్ళి భోంచేసి పడుకున్నాను. ఆ తరువాత కూడా ఏమీ చేయలేదు.

మాట ఇచ్చాను

స్టేషను బజారులో మస్తాన్ సాహెబు అని, గిన్నెలకు కళాయి వేసే పెద్దాయన ఉండేవాడు. ఆయన కూతురు కరీంబీ. గుంటూరులో పిన్నమ్మ ఇంట్లో ఉండి పంతులమ్మ ట్రైనింగు పాసైంది. తరువాత పెళ్ళి, రెండేళ్ళకే భర్త పోవడం, తండ్రి దగ్గరికి తిరిగి రావడం అయ్యాయి. కొలిమి పొగకు సాహెబు కళ్ళు మసకబారుతున్నాయి. గిన్నెలో కళాయి అంటిందో లేదో వేలితో తడిమి చూసుకునేవాడు. ఇంకెన్నాళ్ళో ఆ పని సాగదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పని ఆగితే కరీంబీకి మిగిలింది గనిలో రాళ్ళు మోయడమే.

అప్పుడే, మా బళ్ళో పిల్లలు పెరిగారు గనక శిశుతరగతికి రెండో ఉద్యోగం ఇస్తారనీ, దాన్ని చూడ్డానికి ఆడపిల్లల చదువు చూసే ఇన్‌స్పెక్టరు దొరసాని వస్తుందనీ కబురొచ్చింది. నేనే కొలిమి దగ్గరికి వెళ్ళి చెప్పాను.

“ఆ రోజు గేటు దగ్గరికి రా చెల్లెమ్మా. దొరసానికి నిన్ను నేను చూపిస్తాను.”

“నిజంగా చెప్తావా అన్నా? మీ పెద్ద పంతులు ఒప్పుకుంటాడా?”

“ఆయనతో పనేంది? అడిగేది దొరసాని, చెప్పేది నేను.”

అంత ధీమాగా చెప్పి వచ్చాను.

ఆ రోజు

దొరసానిగారు పొద్దుటి బండి దిగి నడిచి వచ్చారు. చాలా ఏళ్ళుగా మన జిల్లాల్లో ఉన్న మనిషి. తెలుగు తప్పుల్లేకుండా మాట్లాడేవారు, కాకపోతే అచ్చు పుస్తకంలో తెలుగు. కుర్చీ వద్దని పిల్లల మధ్య నాపరాయి మీదే కూర్చున్నారు. దొరసానిని చూడ్డానికి స్టేషను కూలీలు, నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు గోడ దగ్గర చేరారు. గేటు పక్కన కరీంబీ నిలబడి ఉంది. ఉతికిన చీర, తల మీదుగా కొంగు, చేతిలో గుడ్డలో చుట్టిన సర్టిఫికెట్టు. నన్ను చూసి తల ఊపింది. నేనూ ఊపాను.

పాఠం అయ్యాక దొరసానిగారు లేచి నన్నే అడిగారు.

“ఈ తాలూకాలో నేను చూసిన ప్రతి బడిలోనూ చిన్నపిల్లలకు చెప్పేవారు పురుషులే. ఒక్క స్త్రీ కూడా కనిపించలేదు. మా దేశంలో దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ ఈ వయసు పిల్లల గదిలో పురుషుడు కనిపిస్తే దారి తప్పి వచ్చాడని అనుకుంటారు. రెండు దేశాలకూ ఇంత తేడా ఎందుకు?”

ఆమె తెలుసుకోవాలనే అడిగారు. ఆ గొంతులో ఎగతాళి లేదు. నేను జవాబు చెప్పేలోపు రామకోటయ్యగారు పకపకా నవ్వారు.

“అయితే మావాడు దారి తప్పొచ్చినోడేనంటారా అమ్మా? ఆడాళ్ళ పని చేస్తన్నాడా ఇన్నాళ్ళూ?”

“అందుకే గదా ముక్కులు తుడిచేది!” అని గోడ దగ్గర ఎవరో అందుకున్నారు. కిటికీలోంచి పెద్ద తరగతి పిల్లలు, గోడ మీద కూలీలు, అందరూ నవ్వారు.  ఏం చెప్పవలసి ఉందో, ఎవరిని చూపించవలసి ఉందో నాకు బాగా గుర్తుంది. అయినా నా నోటినుంచి వచ్చిన మాటలు ఇవి:

“కాదమ్మా. మా వైపు ఆడవాళ్ళకు ఈ పని చేతకాదు. ట్రైనింగైన మనిషి ఈ చుట్టుపక్కల లేదు. వచ్చినా నాలుగు రోజులు నిలవదు. అందుకే మగవాళ్ళం మోస్తున్నాం.”

“ఒక్కరూ లేరా?”

“లేరమ్మా.”

మొదటిది ఉక్రోషంలో వచ్చింది అనుకోవచ్చు. రెండోసారి అడిగినప్పుడు చెప్పింది మాత్రం తెలిసి చెప్పిందే.

“విచారకరం,” అన్నారు ఆమె. “ఈ ఉద్యోగం ఒక స్త్రీకి ఇవ్వమని చెప్పాలని వచ్చాను. లేనప్పుడు పురుషునికే ఇమ్మంటాను.”

నేను గేటువైపు చూసేసరికి అక్కడ ఎవరూ లేరు.

కొలిమి దగ్గర

సాయంత్రం బడి వదలగానే బజారుకు వెళ్ళాను. కళాయి అంటడానికి గిన్నెలో చల్లే నవాసాగరం పొగ కళ్ళు మండిస్తోంది. కరీంబీ కొలిమితిత్తి ఊదుతోంది. సాహెబు గుండిగలో దూదితో రుద్దుతూ, అడుగుల చప్పుడును బట్టి నన్ను గుర్తుపట్టాడు.

“పంతులుగారా, రా, కూర్చో. మా పిల్ల ఎదురుగా నిలబడి ఉండంగానే లేదన్నావంట గదయ్యా. కళ్ళు మసకలు నాకనుకున్నానే, నీక్కూడా వచ్చినయ్యా?”

నేను కూర్చోలేదు. కరీంబీ తిత్తి ఆపింది.

“నువ్వు భయపడ్డావా అన్నా, సిగ్గుపడ్డావా?”

“సిగ్గుపడ్డాను.”

“దేనికి?”

“ఆడవాళ్ళ పని చేస్తున్నానని నవ్వారు.”

“నువ్వు చేస్తేనేమో నీకు చిన్నతనం. నేను చేస్తానంటేనేమో నాకు చేతకాదు. మరింకెవురు చెయ్యాలన్నా ఆ పని?”

 “రేపు గురజాల పోతాను. దొరసాని అక్కడి బంగళాలో ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి వస్తాను,” అన్నాను.

“పో, నీ ఇష్టం. నేను మాత్రం రాను. నీ మాట మీద ఒకసారొచ్చి నిలబడ్డా, చాలు. ఎల్లుండి నుంచి గనికి రమ్మన్నాడు మేస్త్రీ.”

గురజాల బంగళా

పొద్దుటి బండికి గురజాల వెళ్ళాను. దొరసానిగారు బంగళా వసారాలో కాగితాలు ముందేసుకుని ఉన్నారు.

“సెలవు పెట్టి వచ్చారా?”

“లేదమ్మా.”

“అయితే ఇది మొదటి తప్పు.”

“మొదటిది నిన్న చేశానమ్మా. అది చెప్పడానికే వచ్చాను.”

అంతా చెప్పాను. కరీంబీని రమ్మన్నది నేనేనని, ఆమె వింటూ ఉండగానే లేదన్నానని చెప్పాను.  కోప్పడతారనుకున్నాను. “మిమ్మల్ని చిన్నబుచ్చాలని ఆ ప్రశ్న అడగలేదు,” అన్నారు దొరసానిగారు.

“తెలుసమ్మా. నేనొక మాట అడగవచ్చునా? మీ దేశంలో మగవాళ్ళు ఈ పనికి ఎందుకు రారు?”

ఆమె కలం కిందపెట్టారు. “జీతం తక్కువ. స్త్రీకి ఆ మాత్రం చాలునని అనుకుంటారు. పురుషుడు చేస్తే తోటివారు నవ్వుతారు.”

“ఇక్కడా నవ్వారు గదమ్మా.”

“అవును. నేనూ విన్నాను.”

మీరు ఆగి ఆలోచించవలసింది ఇక్కడే అనిపిస్తుంది నాకు. వాళ్ళ దేశంలో చిన్నపిల్లల దగ్గర మగవాడు లేడు, మన దగ్గర ఆడమనిషి లేదు. పైకి చూస్తే ఒకదానికొకటి తలకిందులు. కానీ రెండుచోట్లా చిన్నపిల్లల పనిని చులకన చేశారు. అక్కడ దాన్ని తక్కువ జీతానికి ఆడవాళ్ళ మీద పెట్టారు. ఇక్కడ హెడ్మాస్టరుకు కోపం తెప్పించిన మగవాడి మీద పెట్టారు. ఇప్పుడు మన బాలవాడీల్లోనూ మగవాళ్ళు దాదాపు కనిపించడంలేదు. అది చూసి ముందుకు పోయామని కొందరు సంబరపడుతున్నారు. నేను పడను. ఎంతమంది ఆడవాళ్ళు, ఎంతమంది మగవాళ్ళు అని ఎవరైనా లెక్క చెబితే, వాళ్ళ చేతికి వచ్చే జీతమెంత, ఊళ్ళో వాళ్ళను చూసి ఎవరు నవ్వుతున్నారు అని అడగండి. అప్పుడు మాట్లాడండి.

నేను లేవబోతుంటే దొరసానిగారు అన్నారు: “నాతో చెప్పడం సులభం. మీరు అబద్ధమాడింది నాతో ఒక్కదానితోనే కాదు. శుక్రవారం తిరుగు ప్రయాణంలో మీ బడి దగ్గర దిగుతాను. ఎక్కడ అన్నారో అక్కడే, ఎవరి ముందు అన్నారో వారి ముందే చెప్పండి. తరువాత ఆమెను చూస్తాను.”

ఐదో తరగతి

కబురు నాకంటే ముందే బడికి చేరింది. రామకోటయ్యగారు కేకలు వేయలేదు. పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశారు.

“ఒరేయ్, నీకు ఐదో తరగతి కావాలని నాకు తెలీదా? వచ్చే సోమవారం నుంచి నీదే. దొరసాని వచ్చినప్పుడు నోరు మూసుకో, అంతే. ఆడమనిషిని తెచ్చి మన మధ్య కూర్చోబెడితే ఊరేమనుకుంటది? రేపు ఏదన్నా మాటొస్తే ఎవురికి చెడ్డ?”

నేను అప్పటికప్పుడు వద్దనలేదు. “ఆలోచించి చెప్తానండీ,” అన్నాను. నా తప్పుల్లో ఇది చిన్నదేమీ కాదు. గురజాల దాకా వెళ్ళి వచ్చినవాణ్ణి, రెండు రోజులు ఐదో తరగతి గుమ్మంవైపు చూస్తూ గడిపాను. ఆ గదిలో ఎండ పడదు. నల్లబల్ల ఉంది. అక్కడ పాఠం చెప్పేవాణ్ణి చూసి ఎవరూ ముక్కుల మాట ఎత్తరు.

గురువారం వరండాలో పాఠం మధ్యలో ముందు వరసకేసి చూశాను. అంకమ్మ కూర్చునే రాయి అట్లాగే ఖాళీగా ఉంది. దాని పక్క రాయి కూడా ఖాళీ అయింది. సాయంత్రం గని దారిలో లచ్చమ్మ కోసం కాచుకున్నాను. ఇప్పుడు తనతో గనిలో రాళ్ళు మోస్తున్న కరీంబీని రేపు ఎట్లాగైనా బడికి తీసుకురమ్మన్నాను.

“నీ మొకం చూడనంటందయ్యా అది.”

“చూడొద్దు. నేను చెప్పేది వినిపోతే చాలు.”

 “తీస్కొస్తాలే. నాకూ వినాలనే ఉంది,” అంది లచ్చమ్మ.

అదే వరండా

శుక్రవారం మధ్యాహ్నం గోడ దగ్గర మొన్నటికంటే ఎక్కువ మంది చేరారు. దొరసానిగారు వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. గనినుంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు తలగుడ్డలతోనే వచ్చారు. వాళ్ళ వెనక కరీంబీ. జుట్టు నిండా రాతిపొడి. ఒక చేతికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

“మొన్న ఇక్కడ నేను అబద్ధమాడాను,” అన్నాను.  “ట్రైనింగైన మనిషి లేదన్నాను. ఉంది. పేరు కరీంబీ. రమ్మన్నది నేనే, లేదన్నది నేనే. మీరంతా నన్ను చూసి నవ్వుతున్నారని అట్లా అన్నాను.”

“నవ్వితే ఏం పోయిద్ది పంతులూ? ఆ పిల్ల రాళ్ళు మోస్తే నీకు బాగుందా?” అంది లచ్చమ్మ. మళ్ళీ నవ్వులు. ఈసారి తల దించుకోలేదు.

దొరసానిగారు కరీంబీని పిలిచి పిల్లలకు ఏదైనా చెప్పమన్నారు. ఆమె కదలలేదు. నావైపు చూసింది, పిల్లలవైపు చూసింది. తొట్టి దగ్గరికి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి నాపరాయి మీద కూర్చుంది.

“ముందు బయటికెల్లాల్సినోళ్ళు ఎవురన్నా ఉన్నారా?”

సగం వరండా లేచింది. రామకోటయ్యగారు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నారు. దొరసానిగారు నవ్వలేదు.

పిల్లలు తిరిగివచ్చాక కరీంబీ సుద్దముక్కతో ఒక రాయిమీద ‘ర’ రాసి, మొన్న తను మోసిన రాయి ఎంత బరువో చెప్పింది. పిల్లలు ‘రాయి, రాయి’ అంటూ ఎవరి రాయి మీద వాళ్ళు రాశారు. గోల గోల. ఆ వరండాలో అంత చప్పుడు నేనెన్నడూ వినలేదు. ఒక్కరూ చేతులు కట్టుకోలేదు.

అప్పుడు రామకోటయ్యగారు అసలు మాట ఎత్తారు. “పిల్ల బాగానే చెప్తంది, కాదనను. కానీ అమ్మా, ఇంతమంది మగాళ్ళ మధ్యన ఒక్క ఆడమనిషి. ఆమెతో కలిసి ఒకే వరండాలో ఎవురు చెప్తారు? నేనెవర్నీ బలవంతం చేయలేను.”

“నేను చెప్తానండీ,” అన్నాను.

“నీకు ఐదో తరగతి ఇస్తానన్నా గదరా?”

“వద్దండీ.”

ఆ వద్దు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అయినా ఆ తరువాత దాన్ని వెనక్కి తీసుకోలేదు.

తడిక

కరీంబీకి ఉద్యోగం ఇచ్చి, ముందు కొన్ని నెలలు చూస్తామన్నారు బోర్డువాళ్ళు. తరువాత ఖాయం చేశారు. కరీంబీ చాలాకాలం నాతో పాఠం మాట తప్ప వేరే మాట ఆడలేదు. ఆ శిక్ష నాకు సబబే అనిపించింది. బెత్తం ఇంటికి తీసుకుపోయి పారెయ్యమంది, పారేశాను. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టమంది, కూర్చోబెట్టాను. బజారులో ముక్కుల సంగతి అడిగినవాడికి ఎన్ని తుడిచానో నిజంగానే చెప్పడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు అడగడం మానేశారు.

ఆమె చేరక ముందు ఆదివారమే నేను బడి వెనక ముళ్ళకంప నరికాను. గుంటలు తీసి రాటలు పాతాను. తాటాకు తడికలు కట్టడం నాకు సరిగ్గా రాదు. కట్టినవి కట్టినట్టే వదులవుతుంటే మస్తాన్ సాహెబు వచ్చి ముడులను వేళ్ళతో తడిమి చూశాడు.

“ఇదేం కట్టయ్యా? గాలికే లేచిపోద్ది. తాడు ఇటియ్యి.”

ఇద్దరం సాయంత్రానికి పూర్తిచేశాం. ఆడపిల్లలకు ఒక చాటు, లోపల నీళ్ళకుండ. మర్నాడు లచ్చమ్మ ఇంటికి వెళ్ళి అంకమ్మ ఎదుట కూర్చుని, నిన్ను ఛీ అన్నది నా తప్పు అని చెప్పాను. ఆ పిల్ల తల్లి వెనక దాక్కుంది. అయినా రెండు రోజులకు వచ్చింది. తన రాయి మీదే కూర్చుంది.

ఆ మధ్యాహ్నం, మేమిద్దరం చెరొక వైపు పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుండగా, అంకమ్మ లేచి నిలబడింది.

“నేను తడికలోకి పోవాల!” అని అరిచింది. వరండా అంతా విన్నది, గదుల్లోనూ విన్నారు.

ఎవరిని అడిగిందో తెలియక ఇద్దరం ఒకేసారి లేచాం. కరీంబీ నావైపు చూసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళింది. నేను మళ్ళీ రాయిమీద కూర్చుని, ఆమె వైపు కూర్చున్న పిల్లలను కూడా నావైపు పిలుచుకున్నాను.